గంటకు ఎంత తీసుకోవాలి? ఒక్కరే నడిపే కంప్యూటర్ రిపేరు షాపు లెక్క

కొత్త_బెంచ్:
అందరికీ నమస్కారం. కొన్నేళ్ళు ఆఫీసుల్లో ఐటీ సపోర్టు చేసి, ఇప్పుడు సొంతంగా కంప్యూటర్ రిపేరు పని మొదలుపెట్టాను. ఒక్కడినే. ల్యాప్‌టాప్, డెస్క్‌టాప్ రిపేర్లు, ఇళ్ళకు వెళ్ళి వైఫై, ప్రింటర్ సెట్ చేయడం, చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ చూడటం, ఇదీ పని. పనికి కొదవ లేదు. పొద్దున్నుంచి రాత్రి దాకా తీరిక ఉండటం లేదు. కానీ నెలాఖరుకు మిగిలేది చూస్తే ఉద్యోగమే నయం అనిపిస్తోంది.

మిగతా షాపుల రేట్లు కనుక్కుని, వాటికి కాస్త అటూ ఇటూగా నా గంట రేటు పెట్టుకున్నాను. మీరు మీ రేటు ఎలా తేల్చుకున్నారు? అంకె చెప్పక్కర్లేదు, అది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆ అంకెకు ఎలా చేరారో చెబితే చాలు.

లెక్కల_మాస్టారు:
పక్క షాపు రేటు చూసి మన రేటు పెట్టడంలో చిక్కేమిటంటే, వాళ్ళ ఖర్చులు మనకు తెలియవు. వాళ్ళది సొంత గది కావచ్చు. ఇంట్లో ఇంకో జీతం ఉండొచ్చు. అసలు సంపాదన కొత్త ల్యాప్‌టాపులు అమ్మడంలో ఉండి, రిపేరు కేవలం జనాన్ని లోపలికి రప్పించడానికి పెట్టుకుని ఉండొచ్చు. లేదా వాళ్ళూ మీలాగే కిందామీదా పడుతూ ఉండొచ్చు. కాబట్టి లెక్క మీ దగ్గరే మొదలవ్వాలి.

ముందు ఏడాదికి మీకు ఎంత కావాలో ఒక కాగితం మీద రాయండి. ఇల్లు గడవడానికీ పొదుపుకూ కావలసింది మొదట. ఆ తర్వాత పని ఖర్చులు: అద్దె, కరెంటు, ఇంటర్నెట్, ఫోను, బండి, ఇన్సూరెన్స్, సాఫ్ట్‌వేర్ లైసెన్సులు, పన్నులు, అకౌంట్లు చూసేవాళ్ళ ఫీజు. చాలామంది వదిలేసేది అరిగిపోయే సామాను. సోల్డరింగ్ స్టేషన్, టెస్టింగ్‌కు పెట్టుకున్న ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు, పవర్ సప్లైలు ఏవీ శాశ్వతం కావు. అవి పోయినప్పుడు వెతుక్కోవడం కాదు, ఏటా వాటికి కొంత పక్కన పెట్టాలి.

ఇక గంటలు. వారానికి 45 గంటలు, ఏడాదికి 48 వారాలు అనుకుందాం. మిగతా నాలుగు వారాలు సెలవులకూ జ్వరాలకూ. 48 × 45 = 2160 గంటలు. కావలసిన మొత్తాన్ని 2160తో భాగిస్తే గంట రేటు వచ్చేస్తుందనుకుంటే అక్కడే దెబ్బతింటాం. ఆ 2160లో బిల్లు వేయగలిగేవి ఎన్ని? ఫోన్లు, ఎస్టిమేట్లు, విడిభాగాలు వెతకడం, తెప్పించడం, బాకీ వసూళ్ళు, లెక్కలు రాయడం, బెంచ్ సర్దుకోవడం, వీటికి విడిగా ఎవరూ డబ్బివ్వరు. ఒక్కరే నడిపే షాపులో సగం గంటలకు బిల్లు పడితే బాగా నడుస్తున్నట్టే. అంటే 1080. ఒక్కసారిగా రేటు రెట్టింపు అయింది చూడండి. అందులో అత్యాశ ఏమీ లేదు, అవి మీ ఖర్చులే.

కొత్త_బెంచ్:
మాస్టారూ, లెక్క అర్థమైంది. కానీ రెట్టింపు అంటే టెన్షన్‌గా ఉంది. గంటకు ఇంత అని చెప్పగానే ఫోన్ పెట్టేస్తారేమో.

సోల్డరింగ్_ఐరన్:
అందుకే గంట రేటు కస్టమర్‌కు చెప్పకండి. మాస్టారి లెక్క నూటికి నూరుపాళ్ళు నిజం, కానీ అది మీ డైరీలో ఉండాల్సింది, గోడ మీద కాదు.

గంట రేటు చెప్పగానే కస్టమర్ అడిగే మొదటి మాట, "ఎన్ని గంటలు పడుతుంది?" మీరు రెండు అంటారు. మూడు పడుతుంది. ఇక ఆ మూడో గంట మీద గొడవ. పోనీ త్వరగా చేసేశారా, "ఇంత చిన్న పనికి అంతా?" అంటారు. ఇంకో అన్యాయం చూడండి. మొదట్లో ల్యాప్‌టాప్ హింజ్ మార్చడానికి రెండు గంటలు పట్టేది, అనుభవం వచ్చాక నలభై నిమిషాల్లో అయిపోతుంది. గంట లెక్కన తీసుకుంటే పని బాగా నేర్చుకున్నందుకు ఆదాయం మూడో వంతుకు పడిపోతుంది. ఇది ఏ పనివాడికీ న్యాయం కాదు.

కార్ల రిపేర్లలో ఒక పద్ధతి ఉంది. ఏ పనికి మామూలుగా ఎన్ని గంటలు పట్టాలో ముందే రాసిన పట్టికలు ఉంటాయి. మెకానిక్ త్వరగా చేసినా నెమ్మదిగా చేసినా బిల్లు ఆ పట్టిక గంటల ప్రకారమే. మనకు అలాంటి పట్టిక లేదు కాబట్టి ఎవరిది వాళ్ళే తయారు చేసుకోవాలి. స్క్రీన్ మార్చడం, కీబోర్డ్ మార్చడం, ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కించడం, ఫ్యాన్ శుభ్రం చేసి థర్మల్ పేస్ట్ వేయడం, ఇలా తరచూ వచ్చే పనులన్నిటికీ సగటు సమయం రాసి, లోపలి గంట రేటుతో గుణించి, ఒకే ధర చెప్పండి. కస్టమర్‌కు కావలసింది కూడా ఆ ఒక్క అంకే.

రెండు_స్క్రీన్లు:
ఐరన్ గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను. కానీ అన్ని పనులూ పట్టికలో ఇమడవు. "సిస్టమ్ అప్పుడప్పుడు దానంతట అదే ఆగిపోతోంది" అని తెస్తారు. మన దగ్గర రోజంతా చక్కగా నడుస్తుంది. తప్పు ర్యామ్‌దా, పవర్ సప్లైదా, బోర్డుదా, లేక వాళ్ళింటి ప్లగ్ పాయింట్‌దా? దీనికి ముందే ధర ఎలా చెబుతాం?

నేను చేసేది ఇది. లోపం తెలియని ప్రతి కేసుకూ చెకింగ్ చార్జ్ ఉంటుంది. అది ముందే చెబుతాను, జాబ్ షీట్ మీద రాసి సంతకం పెట్టిస్తాను. రిపేరు చేయించుకుంటే అది బిల్లులో కలిసిపోతుంది, వద్దనుకుంటే అది మాత్రం ఇచ్చి తీసుకెళ్తారు. లోపం కనిపెట్టడమే మన చదువు. స్క్రూలు విప్పడం ఎవరైనా విప్పుతారు. దాన్ని ఉచితంగా ఇస్తే, మన దగ్గర లోపం తెలుసుకుని, ఆ భాగం వేరేచోట కొని, ఇంకొకరితో వేయించుకుంటారు. చెకింగ్ చార్జ్ పెట్టాక అలాంటివాళ్ళు దాదాపు రావడం మానేశారు, నిజంగా బాగు చేయించుకునేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు.

కొత్త_బెంచ్:
ఇది చాలా ఉపయోగపడే మాట అండి. ఇంకో సందేహం. మెషిన్ దానంతట అది పనిచేసే సమయానికి చార్జ్ చేయాలా? ఒక హార్డ్ డిస్క్ నుంచి ఎస్‌ఎస్‌డీకి క్లోన్ (ఉన్నదున్నట్టు మొత్తం కాపీ) పెడితే గంటలు గంటలు నడుస్తుంది. నేను ఆ పక్కనే వేరే పని చేసుకుంటూ ఉంటాను.

డేటా_రక్ష:
క్లోనింగ్ నా రోజువారీ పని కాబట్టి చెబుతాను. ఒక టీబీ డిస్క్‌ను సెకనుకు 100 ఎంబీ వేగంతో కాపీ చేస్తే పది వేల సెకన్లు, అంటే దాదాపు రెండు గంటల నలభై ఏడు నిమిషాలు. అందులో మీ చేతులు పనిచేసేది మొదట కాసేపు, చివర కాసేపు. మూడు గంటలకు బిల్లు వేస్తే కస్టమర్‌కు అన్యాయం. పావుగంటకే వేస్తే మీకు అన్యాయం, ఎందుకంటే బెంచ్ మీద ఒక జాగా, ఒక డాక్, ఒక మానిటర్ అంతసేపూ ఇరుక్కున్నాయి. మధ్యలో ఆగిపోతే చూసుకునే బాధ్యతా మీదే. నేను చేతి పనికి పూర్తి రేటు, మెషిన్ నడిచే సమయానికి అందులో చిన్న భాగం లెక్కేసి, రెండూ కలిపి ఒకే ధరగా చెబుతాను.

ఒక జాగ్రత్త. ఆరోగ్యంగా ఉన్న డిస్క్ ధర, పోతున్న డిస్క్‌కు చెప్పకండి. ధర చెప్పేముందే స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు, చూడండి. రీఅలొకేటెడ్ (పాడై పక్కన పెట్టిన), పెండింగ్ (చదవడానికి మొరాయిస్తున్న) సెక్టర్ల అంకెలు పెరుగుతున్నాయంటే అది మామూలు క్లోనింగ్ కాదు. డీడీరెస్క్యూ లాంటి టూల్‌తో, చదవగలిగిన భాగం ముందు లాగి, మొండి భాగాల దగ్గరికి తర్వాత వెళ్ళాలి. గంటల పని రోజుల్లోకి వెళ్ళొచ్చు. డిస్క్ టిక్కు టిక్కుమంటూ చప్పుడు చేస్తుంటే మాత్రం పవర్ ఇవ్వడం ఆపేసి, డేటా ముఖ్యమైతే క్లీన్‌రూమ్ (దుమ్ము లేని గది) ఉన్న రికవరీ ల్యాబ్‌కు పంపమని చెప్పండి. ప్రయత్నించి చూద్దాం అని నడిపిన కొద్దీ డేటా ఉండే లోపలి పళ్ళెం, ప్లాటర్, గీసుకుపోతుంది. ఆ సలహాకు చెకింగ్ చార్జ్ తీసుకోవడం ధర్మమే.

బెంచ్‌మనిషి:
మెషిన్ సమయం గురించి ఇంకో కోణం. మాస్టారు చెప్పిన సగం గంటల లెక్క, ఒకసారికి ఒకే పని చేస్తున్నాం అనుకుంటేనే. బెంచ్ మీద నాలుగు సిస్టమ్‌లు పెట్టి, ఒక కేవీఎం స్విచ్‌తో ఒకే కీబోర్డు, మానిటర్ అన్నిటికీ వాడితే కథ మారిపోతుంది. ఒకదాంట్లో విండోస్ ఎక్కుతుంటుంది, ఇంకోదాంట్లో మెమరీ టెస్ట్, మూడోది క్లోన్, నాలుగోది మీ చేతిలో. ఇలా గడియారంలో ఒక గంట గడిచేసరికి ఒకటిన్నర గంటల బిల్లు తయారయ్యే రోజులూ ఉంటాయి. ఒక్కో కస్టమర్ తన పని విలువే ఇస్తున్నాడు, ఎవరినీ మోసం చేయడం లేదు. నన్నడిగితే రేటు పెంచే ముందు మీ బెంచ్ ఎలా ఉందో చూడండి.

నెట్‌వర్క్_నేస్తం:
బెంచ్ పని గురించి అందరూ చెప్పారు. బయటికి వెళ్ళే పని వేరు. ఇంటికో ఆఫీసుకో వెళ్తే దారిలో గడిచే సమయంలో మీరు ఇంకే పనీ చేయలేరు. అక్కడ ఉన్న అరగంటకే తీసుకుంటే రానుపోను గంట ఎవరు ఇస్తారు? అందుకే విజిటింగ్ చార్జ్, మొదటి గంట కలిపి ఒక కనీస మొత్తం పెట్టుకోవాలి. అది దాటాక పావుగంట చొప్పున. పని పదినిమిషాల్లో అయిపోయినా ఆ కనీస మొత్తం తగ్గదు.

పని వేళలు దాటాక, సెలవు రోజున వెంటనే రమ్మంటే ఒకటిన్నర రెట్లు. ఇది డబ్బు కోసమే కాదు. అందరిదీ అర్జెంటే అయినప్పుడు, నిజంగా అర్జెంటు ఎవరిదో ఆ రేటు వినగానే తేలిపోతుంది. "అయితే రేపు పొద్దున్నే రండి" అంటారు చాలామంది.

ఆఫీసులకు మాత్రం గంట లెక్క అసలు వద్దు. గంట లెక్కన అయితే వాళ్ళ సిస్టమ్‌లు పాడైతేనే మీకు ఆదాయం. నెలకింత అని ఏఎంసీ (ఏడాది పాటు మెయింటెనెన్స్ చూసే ఒప్పందం) మాట్లాడుకుంటే అవి పాడవకుండా ఉండటమే మీకు లాభం. బ్యాకప్ సరిగా పడుతోందా, అప్‌డేట్లు వచ్చాయా, యూపీఎస్ బ్యాటరీ ఎలా ఉంది, ఇవి మీరే ముందుగా చూస్తారు. ఎన్ని సిస్టమ్‌లు, ఏయే పనులు ఒప్పందంలోకి వస్తాయి, ఏవి రావు అన్నది రాతలో ఉండాలి. కొత్త కేబుల్ లాగడం, ఆఫీసు మార్చడం లాంటివి బయట పెట్టండి, లేకపోతే నెలజీతానికి ఇల్లు కట్టించుకున్నట్టు అవుతుంది.

రెండు_స్క్రీన్లు:
నేస్తం గారూ, మొదటి గంట కనీసం అన్న నియమం ఇంటి కస్టమర్ల విషయంలో నాకు నచ్చదు. పెద్దవాళ్ళు ఫోన్ చేసి ప్రింటర్ రావడం లేదంటారు. రిమోట్‌లో చూస్తే పదినిమిషాల పని. దానికి గంట డబ్బు తీసుకోలేను. రిమోట్ పనికి పావుగంట కనీసంగా పెట్టాను. వాళ్ళు మొహమాటం లేకుండా ఫోన్ చేస్తారు, నాకూ ప్రయాణం లేదు.

నెట్‌వర్క్_నేస్తం:
రిమోట్‌కు మీరన్నదే సరి. నేను చెప్పింది మనిషి కదిలి వెళ్ళే పనికి.

చిప్_లెవెల్:
విడిభాగాల మాట ఎవరూ ఎత్తలేదు. పార్ట్స్ మీద వచ్చే లాభాన్ని కూడా ఏడాదికి కావలసిన మొత్తంలోంచి తీసేస్తే గంట రేటు తగ్గించుకోవచ్చు కదా? నేను అలాగే చేస్తాను. లేబర్ తక్కువ కనిపిస్తుంది, కస్టమర్ సంతోషంగా ఉంటాడు.

లెక్కల_మాస్టారు:
కాగితం మీద కుదురుతుంది, కానీ నిలవదు. ఈ రోజు ఎవరైనా ఫోన్ తీసి అదే ఎస్‌ఎస్‌డీ ధర ఆన్‌లైన్‌లో చూడగలరు. పార్ట్స్ లాభం మీద నిలబెట్టిన లేబర్ రేటు, కస్టమర్ తన పార్ట్ తానే తెచ్చుకున్న రోజు కూలిపోతుంది. పైగా ఆ లాభానికి దాని పని దానికి ఉంది. స్టాకులో ఇరుక్కున్న డబ్బు, వచ్చేటప్పుడే పాడైన భాగాలు, వారంటీలో మార్చి ఇవ్వడం, తిరిగి పంపే ఖర్చు, ఇవన్నీ అందులోంచే రావాలి. లేబర్ తన కాళ్ళ మీద తాను నిలబడాలి.

ఇంకో చిన్న లెక్క, తడబడేవాళ్ళు చాలామంది ఉన్నారు కాబట్టి రాస్తున్నాను. 100కు కొన్నదానికి 25 శాతం కలిపి 125కు అమ్మితే మీ లాభం అమ్మిన ధరలో 20 శాతమే, 25 కాదు. నెల చివర మొత్తం అమ్మకాల మీద పాతిక శాతం మిగలాలని చూసుకునేవాళ్ళు ఇందుకే ఎప్పుడూ తక్కువ చూస్తారు.

చిప్_లెవెల్:
కస్టమర్ తెచ్చిన పార్ట్ వేస్తారా మరి?

సోల్డరింగ్_ఐరన్:
వేస్తాను. లేబర్ పూర్తిగా తీసుకుంటాను, పార్ట్‌కు వారంటీ ఇవ్వను. అది పనిచేయకపోతే విప్పి మళ్ళీ వేయడానికి మళ్ళీ లేబర్. ఇది ముందే రాతలో ఉంటే పేచీ రాదు.

చిప్ లెవెల్ పని, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలే బాగు చేయడం, గురించి కూడా ఒక మాట, మీరూ అదే చేస్తారు కాబట్టి. నీళ్ళు పడిన బోర్డు మీద ధర ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. శుభ్రం చేసి, షార్ట్ ఎక్కడుందో వెతికే దాకా ఒక దశ, దానికి ఒక ధర. అక్కడ ఆగి ఫోన్ చేసి, ముందుకు వెళ్ళాలా వద్దా అడగాలి. మొత్తం ఖర్చు, అదే స్థాయి వేరే మెషిన్ ధరలో సగం దాటేలా ఉంటే నేనే వద్దని చెబుతాను. ఆ మాట చెప్పినవాడి దగ్గరికే తర్వాత మళ్ళీ వస్తారు.

నెమ్మది_నిమ్మళం:
రేటు పెంచడానికి భయపడే కొత్త_బెంచ్ గారికి ఒక లెక్క. రేటు 25 శాతం పెంచారనుకోండి. అయిదు గంటల పనిలో ఒక గంట పని పోయినా మీ లేబర్ ఆదాయం అంతే ఉంటుంది, ఎందుకంటే 1.25 × 0.8 = 1. పైగా మీకు ఆ గంట మిగిలింది. అదే 20 శాతం తగ్గించారా, పాత ఆదాయమే రావడానికి 25 శాతం ఎక్కువ గంటలు పనిచేయాలి. పొద్దున్నుంచి రాత్రి దాకా తీరిక లేదని మీరే రాశారు. ఆ అదనపు గంటలు ఎక్కడి నుంచి తెస్తారు? చేతి నిండా పని ఉండీ డబ్బు మిగలడం లేదంటే, రేటు తక్కువగా ఉందని మీ షాపే మీకు చెబుతోంది.

పెంచేటప్పుడు కొత్తగా వచ్చేవాళ్ళకు వెంటనే పెంచండి. పాతవాళ్ళకు, ముఖ్యంగా ఆఫీసులకు, ఒక నెల ముందు రాసి చెప్పండి. సంజాయిషీ ఇవ్వక్కర్లేదు. ఫలానా తేదీ నుంచి కొత్త రేట్లు అంటే సరిపోతుంది.

కొత్త_బెంచ్:
అందరికీ కృతజ్ఞతలు. ఇన్నాళ్ళూ రాయలేకపోయాను. మాస్టారి లెక్క చూశాక ప్రతి పనికీ మొదలైన సమయం, అయిపోయిన సమయం రాస్తూ వచ్చాను. బిల్లు పడే గంటలు మొత్తంలో నలభై శాతం దగ్గరే ఆగుతున్నాయి. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఫోను, వాట్సాప్. "అయిపోయిందా?" అని అడిగేవాళ్ళు ఒకవైపు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆపేసింది కదా, "నా పాత సిస్టమ్‌కు విండోస్ 11 ఎక్కుతుందా, కొత్తది కొనాలా?" అని అడిగేవాళ్ళు ఇంకోవైపు. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉందా, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ జాబితాలో ఉందా అని ఒక్కొక్కరికీ చూసి చెప్పేసరికి చాలా సమయం పోతోంది. ఇంకోటి బిట్‌లాకర్, డిస్క్‌లోని డేటాకు విండోస్ వేసే తాళం. మెషిన్ ఇచ్చి వెళ్ళిపోతారు, బోర్డు మార్చాక 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది ఏ ఈమెయిల్ ఖాతాలో ఉందో వాళ్ళకు గుర్తుండదు. పని అక్కడే ఆగిపోతుంది.

లెక్కల_మాస్టారు:
నలభై శాతం అంటే 2160లో 864 గంటలు. నేను చెప్పిన 1080తో పోలిస్తే రేటు ఇంకా పాతిక శాతం ఎక్కువ ఉండాలి. దీన్నే తిప్పి చూడండి. నలభైని యాభైకి తెచ్చుకోగలిగితే, కస్టమర్ జేబులోంచి అదనంగా ఏమీ తీసుకోకుండానే మీకు పాతిక శాతం రేటు పెరిగినట్టే. మీ ముందున్న మొదటి పని అదే.

రెండు_స్క్రీన్లు:
మీరు రాసినవన్నీ మెషిన్ తీసుకునేటప్పుడే తీరిపోయే సమస్యలు. జాబ్ షీట్‌లో పాస్‌వర్డ్, రికవరీ కీ ఏ ఖాతాలో ఉంది, బ్యాకప్ ఉందా, ఎంత ఖర్చు వరకు అడగకుండా చేసేయొచ్చు, ఈ నాలుగూ వాళ్ళు ఎదురుగా ఉన్నప్పుడే నింపించండి. ఎప్పుడు తయారవుతుందో తేదీ అక్కడే రాసివ్వండి. అయిపోగానే మెసేజ్ వస్తుందని, ఈ లోపు ఫోన్ అక్కర్లేదని చెప్పండి. ఫోన్లు సగానికి పడిపోతాయి.

విండోస్ 11 ప్రశ్నను మాత్రం భారం అనుకోకండి, అది పనే. సిస్టమ్ చూసి, ర్యామ్, డిస్క్ ఆరోగ్యం, బ్యాటరీ కలిపి ఒక పేజీలో రాసిస్తే దానికి ఒక చిన్న ధర పెట్టొచ్చు. ఏం కొనాలో తెలియక తప్పు మెషిన్ కొనేదానికంటే అది వాళ్ళకు చాలా చౌక.

కొత్త_బెంచ్:
ఇది వెంటనే మొదలుపెడతాను. చుట్టాలు, స్నేహితుల సంగతి ఎలా మరి? ఎక్కువ నలుగుతున్నది అక్కడే.

సోల్డరింగ్_ఐరన్:
ఎవరికి ఉచితంగా చేయాలనుకుంటున్నారో వాళ్ళ పేర్లు ముందే మనసులో అనుకోండి. వాళ్ళకు సంతోషంగా చేయండి, బిల్లులో పూర్తి ధర రాసి కింద తగ్గింపు చూపించండి, విలువ తెలుస్తుంది. మిగతా అందరికీ ఒకటే రేటు. సగం సగం తగ్గింపులు పెడితే ఎవరికెంత తగ్గించామో గుర్తుపెట్టుకోలేం, వాళ్ళలో వాళ్ళకు తెలిస్తే ఇంకా తలనొప్పి.

బెంచ్‌మనిషి:
చివరిగా ఒకటి. మీ గంటల్లోంచి, వారంటీ మీద తిరిగి వచ్చే కేసులకు కొన్ని తీసేశారా? ఇరవై పనుల్లో ఒకటి మళ్ళీ వచ్చి ఉచితంగా చేయాల్సి వస్తే అయిదు శాతం గంటలు పోయినట్టే. 1080 కాస్తా 1026 అవుతుంది. లేబర్ వారంటీ ఎన్ని రోజులు, దేనికి వర్తిస్తుంది అన్నది కూడా బిల్లు మీద ఉండాలి. స్క్రీన్ మార్చినందుకు మూడు నెలల తర్వాత వైరస్ తీయమని అడిగేవాళ్ళు ఉంటారు.

కొత్త_బెంచ్:
తీసేయలేదండి, ఇప్పుడే కలిపాను. తరచూ చేసే పనుల పట్టిక తయారైంది, చెకింగ్ చార్జ్ బోర్డు రాయించాను. కొత్త కస్టమర్లకు సోమవారం నుంచి కొత్త ధరలు. ఆఫీసులకు ఏఎంసీ ప్రతిపాదన రాస్తున్నాను. నేస్తం గారూ, ఏ పనులు ఒప్పందం బయట పెట్టాలో మీ దగ్గర రాసుకున్నది ఉంటే పంపగలరా?

నెట్‌వర్క్_నేస్తం:
పంపుతాను. సిస్టమ్‌ల సంఖ్య దగ్గర ఖాళీ వదిలాను, అది మీరు వాళ్ళ ఆఫీసుకు వెళ్ళి లెక్కపెట్టాకే నింపండి. వాళ్ళు చెప్పే సంఖ్యలో స్టోర్ గదిలోని పాత సర్వర్ ఎప్పుడూ ఉండదు.